తోసిపుచ్చిన వెలుగు

మా వదిన నాతో ఆప్యాయంగా మాట్లాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆ సాయంత్రం భోజనాల దగ్గర నా కంచంలో మారు వడ్డించి, "తినమ్మా, మరీ చిక్కిపోతున్నావు" అన్నప్పుడు నా గుండెల్లో రాయి పడింది. ఇంకొకరైతే సంతోషించేవాళ్ళు. నాకు ముద్ద దిగలేదు.

ఎందుకో అర్థం కావాలంటే ముందు మా పని సంగతి చెప్పాలి. విసుక్కోకండి, అట్టే పొడిగించను.

మా వదినా నేనూ ఒకే చోట, ఒకే గదిలో, ఒకే పెద్దాయన కింద పని చేస్తాం. పెద్దాయన అంటే మా పరిశోధనకి గైడు. ఆయన్ని పేరు పెట్టి పిలిచే ధైర్యం ఆయన భార్యకి కూడా ఉన్నట్టు లేదు. మా గదికి కిటికీ లేదు. ఏసీ నుంచి కారే నీటికి కింద ఒక బకెట్టు, గోడ పొడుగునా కంప్యూటర్లు, చెయ్యి విరిగిన కుర్చీలు. ఆకాశాన్ని పరీక్షించేవాళ్ళకి ఆకాశం కనిపించని గదే రాసిపెట్టి ఉంది, మా ఖర్మ. ఎక్కడో చాలా దూరాన కొత్త నక్షత్రాలు పుడుతున్న గెలాక్సీలుంటాయి. వాటి నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి మా సరుకు. ఈ మాట చెప్పగానే జనం "అబ్బ, ఎంత అందమైన పనండీ!" అంటారు. అందమూ లేదు, నా మొహమూ లేదు. మేము చూసేది తెర మీద ఒక వంకర గీత. అది ఎక్కడ లేచింది, ఎక్కడ పడింది, ఎందుకు పడింది? పొద్దస్తమానం ఇదే గోల.

ఎందుకు పడిందంటే వాయువు వల్ల, దుమ్ము వల్ల. కొత్తగా పుట్టిన నక్షత్రం కాంతిని వెదజల్లుతుంది కానీ అది తిన్నగా బయటికి రాలేదు. చుట్టూ హైడ్రోజన్ వాయువు కమ్ముకుని ఉంటుంది. ఆ కాంతిలో ఒక్క రంగంటే హైడ్రోజన్‌కి ఎక్కడలేని మక్కువ. ఒక పరమాణువు దాన్ని పట్టుకుని వదిలేస్తే పక్కది పట్టుకుంటుంది, అదీ వదిలేస్తే ఇంకోటి. పని పడి ఆఫీసుకి వెళ్ళినవాణ్ణి ఈ కౌంటరు కాదు ఆ కౌంటరని తిప్పినట్టు తిప్పుతుంది. తిరిగే దారి నిండా దుమ్ము ఉంటుంది, పొగలోని నుసి అంత సన్నటి దుమ్ము. ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువగా కాంతి దాని నోట పడుతుంది. చావు తప్పి బయటపడ్డ కాస్త కాంతీ ఉండాల్సిన రంగులో ఉండదు. ఎరుపు వైపుకి జరిగిపోయి, గీత మీద మూపురంలా వంగి కనిపిస్తుంది. మూపురం వంపు చూసి లోపల ఎంత వాయువుందో, ఎంత దుమ్ముందో మేము లెక్క కడతాం.

ఎక్కడో ఒక్క గెలాక్సీలో మాత్రం వాయువులో కంత ఉంటుంది. కాంతి ఎవరి చేతికీ చిక్కకుండా ఆ కంతలోంచి దూసుకొచ్చేస్తుంది. అప్పుడు గీత మీద మూపురం ఉండదు. ఉండాల్సిన చోటే, నిటారుగా, సూదిలాంటి వెలుగు నిలబడుతుంది. విశ్వం పసితనంలో కమ్ముకున్న వాయువుని ఛేదించింది ఇలాంటి కంతల్లోంచి వచ్చిన కాంతేనని మావాళ్ళ నమ్మకం. అందుకే సూది అంటే అందరికీ నోరూరుతుంది. సూది దొరికినవాళ్ళకి పేరొస్తుంది, పేరొచ్చినవాళ్ళకి ఉద్యోగం వస్తుంది.

ఆ ఉద్యోగం దగ్గరే వచ్చింది తంటా అంతా. మా విభాగంలో ఏళ్ళ తరబడి లేని పర్మనెంటు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. ఒక్కటే. మా వదిన కాంట్రాక్టు మీద టెలిస్కోపు నుంచి వచ్చే డేటాని శుభ్రం చేసి మాకందిస్తుంది. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించమని పెద్దాయన గది ముందు నిలబడడం ఆవిడకి అలవాటైపోయింది. ఈసారి దాటితే ఆవిడకి ఆ ఉద్యోగానికి వయసు మించిపోతుంది. నా ఫెలోషిప్పు చూస్తే ఈ సీజనుతో ఆఖరు. ఆ తర్వాత నాకు జీతమూ లేదు, కుర్చీ లేదు. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఇంట్లో ఒక్కరం కూడా ఆ ఊసెత్తలేదు. ఒకే కుళాయి కింద గిన్నెలు కడుక్కుంటూ వంతుల గురించి మాట్లాడుకున్నాం తప్ప, ఉద్యోగం మాట రానివ్వలేదు.

అవును, నేనుండేది అన్నయ్యావాళ్ళింట్లోనే. రెండు గదులు, ఒక హాలు. చిన్న గదిలో నేనూ, వాషింగ్ మెషీనూ. అన్నయ్య ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. కదలకండి, ఊపిరి బిగబట్టండి అని రోజంతా చెప్పి చెప్పి ఇంటికొచ్చేసరికి నోట్లో మాటలు అయిపోతాయి కాబోలు. కానీ నన్ను ఇంతవరకూ చదివించింది అన్నయ్యే. ఫీజులకి తన బండి అమ్మేసి బస్సెక్కిన మనిషి. వాడి మీద ఈగ వాలితే నేను ఊరుకోను. ఊరుకునేదాన్ని కాదు.

ఇక మా దగ్గరున్న ఒక వింత ఆచారం చెబితే కథలో పడొచ్చు. ఒకప్పుడు పెద్దాయన తనకి సూది దొరికిందని లోకమంతా చాటింపు వేసుకున్నారట. తీరా చూస్తే అది పరికరంలోని అద్దం మీద పడ్డ మెరుపు. పరువు మంటగలిసింది. అప్పటి నుంచి ఆయనకి ఎవర్ని చూసినా అనుమానమే. ప్రతి సీజనుకీ గ్రూపులో ఒకరిని పిలిచి, నిజం గెలాక్సీల మధ్య ఒక దొంగ గెలాక్సీని దాచమంటారు. కంప్యూటరు మీద లెక్కలు కట్టి, అచ్చం నిజంలా తయారుచేసి డేటాలో కలిపేస్తారు. దాన్ని మేము పెళ్ళికొడుకు అంటాం, చూపుల కోసం ముస్తాబై కూర్చుంటుంది కాబట్టి. దాచిన మనిషి అది ఏదో ఎవరికీ చెప్పకూడదు. చెప్పినట్టు తేలితే ఆ సీజను డేటా మొత్తం చెత్తబుట్టలోకి, ఆ మనిషి ఇంటికి. ఆఖర్న తెర తీసే రోజని ఒకటుంటుంది. ఆ రోజు డేటా చూసినవాళ్ళు అందరి ముందూ నిలబడి, పెళ్ళికొడుకు ఇదీ అని చెప్పి తోసెయ్యాలి, తమకి దొరికిన అసలు నిధి ఏదో కూడా చూపించాలి. ఆ తర్వాతే దాచినవాళ్ళు నోరు విప్పుతారు. ఒకసారి తోసేసినదాన్ని మళ్ళీ ఎత్తుకోడానికి వీల్లేదు. నిజమైనదని తేలితే గ్రూపులో ఇంకెవరు ముందడిగితే అది వాళ్ళ సొత్తు. ఇంత మొండి రూలు ఎందుకంటే, గాలివాటంగా ఊహలు చెప్పేవాళ్ళంటే పెద్దాయనకి ఒళ్ళుమంట.

ఈ సీజను డేటా చూసేది నేను. పెళ్ళికొడుకుని దాచింది మా వదిన.

సూది కనబడ్డ పొద్దున నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మూపురాల మధ్య అదొక్కటే నిటారుగా, పొగరుగా నిలబడి ఉంది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. దుమ్ము లెక్క కడితే దాదాపు సున్నా వచ్చింది. ఇదే నిజమైతే ఉద్యోగం నాది. అప్పుడే నా వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగాను. వదిన. నా భుజం మీంచి తెర వైపు చూస్తోంది. కాసేపు చూసి, ఏసీ కింద బకెట్టు నిండితే దాన్ని ఒంపడానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే మారు వడ్డించింది.

మర్నాడు నా చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నా రుమాలు కూడా ముట్టుకోలేదు. ఆ తర్వాత బస్సులో సీటు దొరికితే నన్ను కూర్చోమని తను నిలబడింది. దిగేటప్పుడు, "ఉద్యోగాలదేముందిలే అమ్మా, ఇవాళ కాకపోతే రేపు. ఒంట్లో ఓపికుంటే అన్నీ వస్తాయి" అంది. ఆ గొంతులో జాలి వినిపించింది. జాలి ఎప్పుడు పడతారు? ఎదుటివాళ్ళ నెత్తిన పిడుగు పడబోతోందని తమకి ముందే తెలిసినప్పుడు. సూదిని తయారుచేసింది తనే అయితే, నేను దాన్ని చూసి గంతులేస్తుంటే, ఎంత కఠినురాలికైనా మనసు కరక్కుండా ఉంటుందా? పోనీలే పాపం అనుకుంటోంది మహాతల్లి.

అయినా ఆశ చావదు కదా. అన్నయ్యని పట్టుకున్నాను. బాల్కనీలో చెప్పులు తుడుచుకుంటున్నాడు.

"అన్నయ్యా, వదిన నీతో ఏమైనా అందా? నా గెలాక్సీ గురించి?"

"నన్నడక్కమ్మా" అన్నాడు, తలెత్తకుండా.

"ఒక్క మాట. అది దొంగదేనా?"

చెప్పు పక్కన పెట్టి లేచాడు. నా తల మీద చెయ్యి వేశాడు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అలాగే వేసేవాడు. అంతే, నాకు అర్థమైపోయింది. గదిలోకి పోయి వాషింగ్ మెషీను ఆన్ చేసి, ఆ చప్పుడులో ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని, సరే, ఇలా కాదు, పెళ్ళికొడుకుని గుర్తుపట్టినందుకైనా మెప్పు కొట్టేస్తాను, ఇంకో నిధి వెతుక్కుంటాను అనుకున్నాను. మనకి పౌరుషమొకటి ఏడిసింది కదా.

వెతికితే దొరికింది కూడా. మురికోడుతున్న ఒక గెలాక్సీ. నిండా దుమ్మే. లెక్క ప్రకారం దాంట్లోంచి ఆ రంగు కాంతి చుక్క కూడా రాకూడదు. అయినా వస్తోంది, చిన్న మూపురంలా. ఎలా వస్తోందో నాకు తెలుసు. ఏళ్ళ నుంచి నేను నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్న ఊహ అదే మరి. వాయువూ దుమ్మూ సమంగా పరుచుకోకుండా ముద్దలు ముద్దలుగా ఉన్నాయనుకోండి. కాంతి వచ్చి ముద్ద పైపొర వాయువుకి తగిలి వెనక్కి ఎగురుతుంది, ఇంకో ముద్దకి తగిలి మళ్ళీ ఎగురుతుంది. లోపలికి పోదు గనక లోపలున్న దుమ్ము దాన్ని తినలేదు. ముద్దల సందుల్లోంచి జారుకుని బయటపడుతుంది. బట్టలు ఆరేస్తున్నప్పుడూ, గిన్నెలు తుడుస్తున్నప్పుడూ మా వదినకి ఇదంతా చెబుతూ ఉండేదాన్ని. విన్నట్టే ఉండేది కాదు. "ఆ క్లిప్పులు ఇలా ఇవ్వు" అనేది.

అలాంటి గెలాక్సీ అచ్చంగా దొరికేసరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ముద్దలు ఎంత పెద్దవి, ఎంత దూరం దూరంగా ఉన్నాయి, అన్నీ తేల్చాను. నా ఊహ చెప్పిన అంకెలకి అంకెలు అతికినట్టు సరిపోయాయి. నిజం గెలాక్సీ ఏదీ అంత చక్కగా సరిపోదని నాకు తట్టాలి. తట్టలేదు. మన మాటే నిజమని ఎవరైనా అంటే వాళ్ళ మీద అనుమానం వస్తుందా, చెప్పండి.

తెర తీసే రోజు మీటింగు గది కిటకిటలాడింది. పెద్దాయన ముందు వరసలో, చేతులు కట్టుకుని. వెనక మా సణుగుడు సీనియరు. ఆ మనిషికి ఏ విషయమూ నచ్చదు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. వదిన తలుపు పక్కన కూర్చుంది. మర్నాడే ఉద్యోగం కమిటీ. అనుమానమున్న గెలాక్సీని ఇంకోసారి చూద్దామంటే మళ్ళీ టెలిస్కోపు మాకు దొరికేది వచ్చే ఏడాదే.

నేను సూదిని తెర మీద పెట్టాను. గదిలో గుసగుసలు లేచాయి.

"ఇదీ పెళ్ళికొడుకు" అన్నాను. "వదినా, మరీ ఇంత ముస్తాబు చేస్తే ఎవరికైనా అనుమానమొస్తుంది. కాస్త దుమ్ము అద్దాల్సింది."

అందరూ గొల్లుమన్నారు. వదిన కూడా నవ్వింది.

పెద్దాయన నవ్వలేదు. "తోసేస్తున్నావా? ఇంకోసారి ఆలోచించుకో."

"తోసేస్తున్నాను సార్."

"ఏ ఆధారంతో?"

నేను తడుముకోలేదు. దుమ్ము మరీ తక్కువగా ఉందన్నాను, ఇంత శుభ్రమైన కంత ప్రకృతిలో ఉండదన్నాను. నోటికొచ్చిన కారణాలన్నీ ఏకరువు పెట్టాను. వడ్డన గురించి, ఇస్త్రీ చొక్కా గురించి చెప్పలేను కదా. తర్వాత నా మురికి గెలాక్సీని ఎత్తుకున్నాను. ఎంత బాగా చెప్పానో! చెయ్యి తిరిగిన వంటమనిషి గరిటె తిప్పినట్టు అలా అలా చెప్పుకుపోయాను. సణుగుడు సీనియరు కూడా నోరు మూసుకుని విన్నాడు. ఈ ముద్దల ఊహకి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదని చెప్పి కూర్చున్నాను.

వదిన లేచి, కీబోర్డు దగ్గరికెళ్ళి, తాళం వేసి ఉంచిన అసలు డేటా తెరిచింది. నేను చూసిన డేటాలోంచి దాన్ని తీసేస్తే మిగిలేదే తను కలిపిన దొంగది. ఒక మీట నొక్కింది. తెర మీద ఒక్క మూపురం మిగిలింది. నాదే. నా మురికిది. నా ముద్దలు, నా సందులు, నా అంకెలు.

"దుమ్ముది" అంది వదిన. "సూది నేను చేసింది కాదు సార్. అది నిజంగానే ఉంది."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. తెర మీద అసలు డేటాలో సూది అలాగే నిటారుగా ఉంది. ఎన్నో వందల కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి నా బల్ల మీదకొచ్చిన కాంతి. దాన్ని నేను నా నోటితో, జోకులేసి మరీ తోసేశాను.

"తోసేసినదాన్ని ఎవరు తీసుకుంటారు?" అన్నారు పెద్దాయన. రూలు ప్రకారం అడగాలి మరి.

"నేను తీసుకుంటాను సార్" అంది వదిన.

"దాచినవాళ్ళే తీసుకోవడమేమిటండీ, వినడానికే బాలేదు" అని సణిగాడు సీనియరు. ఈ జన్మకి ఆ మనిషి సణుగుడు నాకు తియ్యగా వినిపించింది ఆ ఒక్కసారే. పెద్దాయన ఆలోచించి, "వద్దని రూల్లో లేదు" అన్నారు. అయిపోయింది.

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలీదు. వదిన నాకంటే ముందే వచ్చి, చేతులు కడుక్కుని కూరగాయలు తరుగుతోంది. అన్నయ్య హాల్లో ఉన్నాడు.

"నన్నెందుకు మోసం చేశావు?" అని అరిచాను.

"నేనేం అన్నానమ్మా?" కత్తి ఆపలేదు. "తినమన్నాను. తినమనడం తప్పా? నా నోటి నుంచి గెలాక్సీ అన్న మాటొచ్చిందా?"

"జాలి నటించావు! ఇస్త్రీలూ, సీట్లూ, చిక్కిపోయావులూ!"

అప్పుడు కత్తి కింద పెట్టి నా వైపు తిరిగింది. "నీకు కావాల్సిన కాంతంతా నీ ముందే ఉంది కదా. దుమ్ము లెక్క సున్నా వచ్చింది, నువ్వే కట్టావు. దాన్ని నమ్మావా? లేదు. అన్నీ వదిలేసి నా మొహం చదివావు. అది నీ సబ్జెక్టు కాదు."

ఆ మాట నిజం కాబట్టే ఇంకా మండింది. "నా ముద్దల మాటలన్నీ విని, వాటితోనే నాకు ఉరి పేనావు కదా" అన్నాను. "బాగా చెప్పేదానివి, గుర్తుండిపోయింది" అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

నేను అన్నయ్య వైపు తిరిగాను. ఈ ఇంట్లో నాకున్నది ఆ ఒక్కడే. "చూశావా? నీ పెళ్ళాం ఏం చేసిందో చూశావా?"

అన్నయ్య బాల్కనీలో చేసినట్టే తలెత్తకుండా ఉన్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు" అన్నాడు. "మీ వదిన చెప్పింది. దుమ్ముది దొంగదనీ, సూది నిజమైనదనీ."

"ఎప్పుడు?"

"నువ్వు నన్నడగడానికి ముందే."

"మరి నా తల మీద చెయ్యెందుకేశావురా?"

నా జన్మలో వాణ్ణి రా అనలేదు. వాడు కోప్పడలేదు కూడా. మెల్లిగా, నాకు లెక్కలు చెప్పిన రోజుల్లో చెప్పినంత ఓపిగ్గా చెప్పాడు. "దానికిదే ఆఖరు అవకాశం అమ్మా. నీకింకా వయసుంది. ఇద్దరిలో ఒకరికే వస్తుంది. ఎవరికొచ్చినా ఇంట్లోకే కదా."

వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది. ఆవిడ వింటోందని తెలుసు. నాకు ఏడుపు రాలేదు. నన్ను చదివించిన చెయ్యి, బండి అమ్మిన చెయ్యి నా తల మీద అబద్ధంగా వాలిందంటే ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆ రాత్రి ఒక్కటి మాత్రం బుర్రలో గట్టిగా పట్టుకున్నాను. వదిన దాచిన రహస్యాన్ని తెర తీయకముందే బయటి మనిషికి చెప్పింది. చెప్పినట్టు తేలితే సీజను మొత్తం చెత్తబుట్టలోకి. ఉద్యోగం నాకు రాకపోతే పోనీ, ఆవిడకీ రాదు. సూది ఎవరిదీ కాదు. అవును, అంత కడుపుమంటతోనే వెళ్ళాను. ఎవరేమనుకుంటే నాకేం.

పొద్దున్నే పెద్దాయన గదిలో నిలబడి అంతా చెప్పేశాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు. కమిటీ ఇంకాసేపట్లో కూర్చోవాలి.

"ఇది చిన్న మాట కాదు" అన్నారు. "ఒక మనిషి పొట్ట కొట్టే మాట. ఎవరు చెప్పారు నీకు?"

"మా అన్నయ్య. ఆవిడ భర్త. మీరే అడగండి సార్."

నేనే నంబరు ఇచ్చాను. ఆయన ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు ఆన్ చేశారు. అవతల ఆసుపత్రి హడావిడి, ఎవరో పిల్లాడి ఏడుపు. అన్నయ్య "హలో" అన్నాడు. పెద్దాయన తను ఎవరో చెప్పి, సూటిగా అడిగారు. "నిన్నటి కంటే ముందు మీ ఆవిడ ఆ దొంగ గెలాక్సీ సంగతి మీకు చెప్పిందా? అవునా, కాదా?"

నా చెల్లెలు అబద్ధం చెప్పదు సార్ అంటాడని అనుకున్నాను. అంత జరిగాక కూడా, ఛీ, అలాగే అనుకున్నాను.

"లేదండీ" అన్నాడు అన్నయ్య. "మా ఆవిడ ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడదండీ."

"మీ చెల్లెలు చెప్పిందంటోందే?"

"మా చెల్లి మనసు బాగోలేదు సార్. నిన్నటి నుంచి ఏదేదో మాట్లాడుతోంది. చిన్నపిల్ల, కాస్త మీరే సర్దిచెప్పండి." గొంతు ఎంతో మెత్తగా ఉంది. నా మీద ప్రేమతోనే చెబుతున్నాడనిపించేంత మెత్తగా.

పెద్దాయన ఫోను పెట్టేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిన్న ఓడిపోయావు. సరే, ఎవరైనా ఓడతారు. కమిటీ ముందు నీ గురించి మంచి మాటే చెబుదామనుకున్నాను. కానీ ఓడిపోయానని ఇంట్లోవాళ్ళ మీద ఇలాంటి నింద వేసేవాళ్ళని నా గ్రూపులో ఎలా ఉంచుకోను? ఈ సంగతి నేనెక్కడా అనను. నీ సామాను ఇవాళే సర్దుకో."

సార్ అన్నాను. నేను చెప్పింది నిజమని తెలిసినవాళ్ళు లోకంలో ఇంకో ఇద్దరే ఉన్నారు, వాళ్ళిద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు.

నా పుస్తకాలు సంచిలో వేసుకోడానికి గదిలోకి వెళ్ళాను. వదిన నా కుర్చీలో కూర్చుని ఉంది, నా కంప్యూటరు ముందు. తెర మీద సూది. నేను ఏం చెప్పి వచ్చానో ఆవిడకి తెలిసే ఉంటుంది; అన్నయ్య ఫోను చేసే ఉంటాడు. ఆవిడ మొహంలో కోపం లేదు, సంతోషమూ లేదు. పని మొహం. నేను సొరుగులు ఖాళీ చేస్తుంటే కాసేపటికి అడిగింది, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

"కంత వెడల్పు ఎంతని తేల్చావు? నాకు రావడం లేదు. దుమ్ము లెక్కలో ఎక్కడో తప్పు చేస్తున్నాను."

తప్పేదో నాకు చూడగానే తెలిసిపోయింది. దారిలో మన పాలపుంతలో అడ్డుపడే దుమ్ము వాటా నేను ముందే తీసేసిన డేటా అది. ఆవిడ మళ్ళీ ఇంకోసారి తీసేస్తోంది. రెండుసార్లు తీసేస్తే లేని వెలుగు పుట్టుకొస్తుంది. అలాగే అచ్చేస్తే లోకమంతా నవ్వుతుంది, పెద్దాయనని చూసి నవ్వినట్టే. నేను నోరు మూసుకుని గుమ్మం దాటితే చాలు. దాటుదామనే సంచి భుజాన వేసుకున్నాను.

తెర వైపు చూశాను. నా సూది ఆ తప్పుడు లెక్కలో పడి ఉబ్బిపోయి, వికారంగా, ఎవరిదోలా ఉంది. దాన్ని అలా చూడడం నా వల్ల కాలేదు.

"దుమ్ము ఒక్కసారే తియ్యాలి. రెండోసారి తీస్తున్నావు" అన్నాను.

"ఓ" అంది వదిన. సరిదిద్దుకుంది. సూది మళ్ళీ సన్నగా, నిటారుగా నిలబడింది. నేను లిఫ్టు దగ్గరికి వెళ్ళేసరికి కమిటీవాళ్ళు అందులోంచి దిగుతున్నారు. ఒకాయన నన్ను చూసి, ఆ సూది కనిపెట్టినావిడ ఏ గదిలో ఉంటారని అడిగాడు. చూపించాను.